వస్తే కాదు, వచ్చినప్పుడు: చార్లీ బ్రౌన్ రెండు పండగలు

"ఆడపిల్ల గుమ్మడికాయ కొయ్యకూడదు కదే!" అంది మా అమ్మ, టీవీలో లూసీ కత్తి తియ్యగానే.

అక్టోబరు మొదటి వారం. సోఫాలో మధ్యన అమ్మ, అటొకరూ ఇటొకరూ మా పిల్లలు. టీవీలో 'ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్'. లూసీ, లైనస్ అక్కాతమ్ముళ్ళు. పొలానికెళ్ళి ఉన్నవాటిలోకెల్లా పెద్ద గుమ్మడికాయ ఏరుకుని, కిందా మీదా పడి ఇంటిదాకా దొర్లించుకొస్తారు. వచ్చీ రాగానే లూసీ కత్తి తీసి కాయలో దింపుతుంది. దాన్ని చంపేస్తావని నాకు ముందు చెప్పలేదే అని లైనస్ ఏడుపు లంకించుకుంటాడు.

ఇక్కడివాళ్ళంతా ఈ చోట నవ్వుతారు. మా పిల్లలూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. "వాడికి తెలిసింది చూడు" అంది.

మన ఇళ్ళల్లో గుమ్మడికాయ ఉత్త కూరగాయ కాదు. గృహప్రవేశానికీ, కొత్త బండికీ, దసరా ఆయుధపూజకీ కొట్టే కాయ బలికి బదులు. అందుకే నిండు కాయ మీద మొదటి గాటు ఆడవాళ్ళు పెట్టకూడదంటారు. మగవాడెవరో ఒకరు పగలగొట్టి ఇస్తే ఆ తర్వాత తరుక్కోవచ్చు. దిష్టికి కొట్టేది బూడిద గుమ్మడి, ఇది కూరగుమ్మడి, రెండూ వేరు కదా అని నేను వాదించబోయాను. అమ్మ వినలేదు. ఆ శనివారం మా గుమ్మం ముందు పెట్టడానికి కాయ తెచ్చినప్పుడు కూడా, "బాబూ, మీరొక్క గాటు పెట్టి ఇవ్వండి" అని అల్లుడి చేత కోయించాకే పిల్లల్ని ముట్టుకోనిచ్చింది. లోపలి గుజ్జు పారేయబోతుంటే ఆపి పులుసు పెట్టింది. "చప్పగా ఉంది, మన కాయ కాదు" అని తేల్చేసింది.

ఆరేళ్ళుగా ఏటా చూస్తున్న సినిమాలో మొదటి జోకు జోకు కాదేమోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఈ వ్యాసానికి మూలం ఆ అనుమానమే.

*

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చార్ల్స్ షుల్జ్ 1950 అక్టోబరు 2 నుంచి 2000 ఫిబ్రవరి 13 వరకూ, దాదాపు యాభై ఏళ్ళు, 'పీనట్స్' అనే కామిక్ స్ట్రిప్ గీశాడు. ఆఖరి ఆదివారం స్ట్రిప్ పేపర్లలో రావడానికి కొద్ది గంటల ముందు పోయాడు. చార్లీ బ్రౌన్, వాడి చెల్లెలు శాలీ, వాడి కుక్క స్నూపీ, స్నేహితులు లైనస్, లూసీ, పెపర్‌మింట్ పాటీ, మార్సీ, ఫ్రాంక్లిన్, ఇదీ ఆ లోకం. ఆ స్ట్రిప్ ఆధారంగా నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్, సంగీతకారుడు విన్స్ గరాల్డీ కలిసి టీవీకి అరగంట బొమ్మల సినిమాలు తీశారు. ప్రకటనలు తీసేస్తే పాతిక నిమిషాలు. హాలోవీన్ మీద 'గ్రేట్ పంప్‌కిన్' 1966 అక్టోబరు 27న వచ్చింది. 'ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్' 1973 నవంబరు 20న వచ్చింది. పిల్లలున్న అమెరికా ఇళ్ళల్లో శరదృతువంటే ఈ రెండూ చూడటం కూడా. 2020లో ఇవి మామూలు ఛానెళ్ళ నుంచి ఆపిల్ స్ట్రీమింగ్‌కి మారిపోతే జనం పండగ ఎత్తేసినంత గోల చేశారు.

నేను సినిమా విమర్శ చదువుకున్నదాన్ని కాదు. పగలంతా కోడ్ రాసి, సాయంత్రం పిల్లలతో పాటు ఏది పెడితే అది చూసే మనిషిని. కానీ ఒకే సినిమా ఆరేడుసార్లు, నాలుగేళ్ళ పిల్లాడి ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటూ చూస్తే, చదువుకోకపోయినా కొన్ని కనిపిస్తాయి. ఈసారి పక్కన అమ్మ ఉండి, ఆవిడ కోసం ప్రతి మాటా తెలుగులో చెప్పాల్సి రావడంతో మరికొన్ని కనిపించాయి.

అన్నిటికన్నా ముందు కనిపించేది ఇది: ఈ లోకంలో పెద్దవాళ్ళు లేరు. తలుపులు తీసి మిఠాయిలు వేసే చేతులు లేవు, కారు నడిపే మనిషి లేడు, వంట చేసే అమ్మ లేదు. ఉన్నారని తెలుస్తుంది, తెర మీదకి మాత్రం రారు. మా అమ్మాయి రెండో ఏడే అడిగింది, "వీళ్ళ పేరెంట్స్ ఎక్కడ?" అని. నేనప్పుడు "ఆఫీసులో" అని తప్పించుకున్నాను.

దీని పక్కన మన బుడుగుని పెట్టి చూడండి. బుడుగుని డెన్నిస్‌తో పోల్చడం మామూలే. అల్లరి వరకూ ఆ పోలిక సరే. నాకు మాత్రం బుడుగుని చార్లీ బ్రౌన్ పక్కన నిలబెట్టడం ఎక్కువ పనికొచ్చింది. ముళ్ళపూడి–బాపుల బుడుగు చుట్టూ పెద్దవాళ్ళు ఎంతమంది! బామ్మ, అమ్మా నాన్నా, బాబాయి, పక్కింటి లావుపాటి పిన్నిగారు, వరసపెట్టి మారే ప్రైవేటు మేష్టార్లు. వాడి హాస్యమంతా పెద్దవాళ్ళని చూసి వాళ్ళ మాటల్ని తనకి అర్థమైనట్టు అప్పజెప్పడంలో ఉంది. పెద్దవాళ్ళని తీసేస్తే బుడుగు లేడు. చార్లీ బ్రౌన్ సంగతి దీనికి తలకిందులు. పెద్దవాళ్ళని తీసేశాక, వాళ్ళు మొయ్యాల్సిన బరువంతా పిల్లల మీద పడుతుంది. పండగంటే ఏమిటి, ఎలా చెయ్యాలి, ఎవర్ని పిలవాలి, రాకపోతే ఏమనుకోవాలి, అన్నీ వాళ్ళే తేల్చుకోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లలు నలభై ఏళ్ళవాళ్ళలా దిగులుగా మాట్లాడతారేమిటని కొందరు విసుక్కుంటారు. ఇంకెవరూ లేరు కాబట్టి అలా మాట్లాడతారు.

*

'గ్రేట్ పంప్‌కిన్' కథంతా లైనస్ నమ్మకం మీద నడుస్తుంది. హాలోవీన్ రాత్రి గుమ్మడి తోటలోంచి గ్రేట్ పంప్‌కిన్ అనే ఆయన పైకి లేచి, మంచి పిల్లలకి బొమ్మలు పంచుతాడని వాడి విశ్వాసం. ఏ తోటలో నిజాయితీ ఎక్కువుందో చూసి అక్కడికే వస్తాడట. ఊళ్ళో ఇంకెవ్వరూ నమ్మరు. శాలీ ఒక్కతే నమ్ముతుంది, అదీ లైనస్ మీది ఇష్టం కొద్దీ. మిగతా పిల్లలంతా వేషాలేసుకుని మిఠాయిలకి వెళితే వీళ్ళిద్దరూ తోటలో కూర్చుంటారు.

మతాన్ని వెక్కిరించే కథగా దీన్ని చదివినవాళ్ళున్నారు, నమ్మకానికి నివాళిగా చదివినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ కథలో ఆధారం దొరుకుతుంది. నా దృష్టిలో కథ బలం నమ్మకంలో కన్నా ఎదురుచూపులో ఉంది. ఒక పిల్లవాడు రాత్రంతా చలిలో ఎవరి కోసమో ఎదురుచూడటాన్ని ఇంత ఓపిగ్గా చూపించిన పిల్లల సినిమా నేను ఇంకోటి చూడలేదు. నీటిరంగుల్లో ఊదా, నలుపు కలిసిన ఆకాశం తెరలో మూడొంతులు ఉంటుంది. కింద అంచున గుమ్మడికాయలు, వాటి మధ్యన రెండు బుల్లి తలకాయలు. గరాల్డీ జాజ్ పియానో అక్కడ నెమ్మదిస్తుంది, పైన ఫ్లూట్ వినిపిస్తుంది. ఇప్పటి పిల్లల సినిమాల్లో అయితే ఇలాంటి చోట ఎవరో ఒకరు పాట అందుకుంటారు. ఇక్కడ అందుకోరు.

ఆఖరికి తోటలోంచి లేచిన నీడ గ్రేట్ పంప్‌కిన్ కాదు, స్నూపీ. లైనస్ మూర్ఛపోతాడు. తిరునాళ్ళకి వెళ్ళలేకపోయిన పిల్లలాగా శాలీ తిరగబడుతుంది. నా మిఠాయిలన్నీ నీ మూలంగా పోయాయి, నష్టపరిహారం కట్టు అంటుంది. వెళ్ళిపోతున్న ఆమె వెనక లైనస్ అరిచే మాట దగ్గర నాకు చిక్కొచ్చింది. గ్రేట్ పంప్‌కిన్ గనక వస్తే నీ గురించి కూడా ఓ మంచి మాట చెప్తాను అంటాడు. అని, వెంటనే నాలిక్కరుచుకుంటాడు. 'గనక వస్తే' అన్నాను, 'వచ్చినప్పుడు' అనాల్సింది, అయిపోయింది నా పని అని కుంగిపోతాడు. ఆ ఒక్క అనుమానంతో ఆయన రాకుండా పోతాడని వాడి భయం.

అమ్మకి దీన్ని తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను. తెలుగులో 'వస్తే' రెండు పనులూ చేస్తుంది. "సాయంత్రం నాన్నొస్తే అన్నం పెట్టు" అంటే నాన్న వస్తాడో రాడో అని కాదు. "వానొస్తే ఆగిపోదాం" అంటే అనుమానమే. ఇంగ్లీషు రెండు మాటలుగా విడగొట్టినదాన్ని మనం ఒక్క మాటలో దాచుకుంటాం. అనుమానాన్ని నమ్మకంలాగా వినిపించుకునే సౌకర్యం మన భాషలో ఉంది. లైనస్ తెలుగువాడైతే వాడి పాపం ఎవరికీ తెలిసేది కాదు. నేను "గనక" అని ఒత్తి పలికి ఎలాగో గట్టెక్కాను. అమ్మ "ఓహో, అపశకునం మాట అన్నాడన్నమాట" అని నాకన్నా బాగా సర్దుకుంది.

ఇంకో పక్క చార్లీ బ్రౌన్. దయ్యం వేషానికి దుప్పటికి చిల్లులు పెట్టబోయి ఒంటినిండా చిల్లులు పెట్టుకుంటాడు. ప్రతి ఇంటి ముందూ పిల్లలు సంచులు చూసుకుని నాకిది వచ్చింది, నాకది వచ్చింది అంటుంటే, వాడి సంచిలో మాత్రం ప్రతిసారీ రాయే. అప్పట్లో ఇది చూసి దేశం నలుమూలల నుంచీ పిల్లలు చార్లీ బ్రౌన్ పేరిట మిఠాయిలు పోస్టులో పంపారని చెప్తారు. మా వాడు కూడా తన సంచిలోంచి ఒక చాక్లెట్ తీసి టీవీ స్టాండ్ మీద పెట్టాడు.

అమ్మకి ఈ ఇంటింటికీ తిరగడం కొత్త కాదు. తెనాలి దగ్గరి పల్లెలో ఆవిడ చిన్నప్పుడు దసరాకి పంతులుగారు ముందూ, బడిపిల్లలు వెనకా, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని గడపగడపకీ వెళ్ళి పద్యాలు పాడేవాళ్ళట. పంతులుగారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు. పండగ పేరుతో ఊరు మొత్తం బడిపంతులికి ఇంత ముట్టజెప్పే ఏర్పాటు అది. "రాయి వేసినవాడి ఇంటి ముందు పంతులుగారు ఊరుకునేవారా?" అంది అమ్మ. నేను అనుకుంటున్నదానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్య లేదు. చార్లీ బ్రౌన్ వెనక పంతులుగారు లేరు. పిల్లవాడి సంచిలో రాయి వేసే పెద్దమనిషి ఎవడో మనకి తెలియదు, అడిగేవాళ్ళూ లేరు. షుల్జ్ దాన్ని మూడుసార్లు జోకుగా చెప్పి వదిలేశాడు. పెద్దవాళ్ళ మీద ఆయన చేసిన ఆరోపణ మొత్తం అందులో ఉంది.

అన్నీ బాగున్నాయని అనను. స్నూపీ తన గూటి మీద కూర్చుని మొదటి ప్రపంచయుద్ధం విమానం నడుపుతున్నట్టు ఊహించుకునే భాగం కథకి అడ్డంగా, చాలాసేపు నడుస్తుంది. షుల్జ్ రెండో ప్రపంచయుద్ధంలో యూరప్‌లో పనిచేసిన సైనికుడు. చీకట్లో ఫ్రాన్సు పల్లెల మీదుగా కుక్క ఒక్కత్తే నడుచుకుంటూ పోవడంలో ఆ దిగులేదో ఉందని ఒప్పుకుంటాను. అయినా తోటలో లైనస్‌ని వదిలేసి అంతసేపు అటు వెళ్ళడం నాకిష్టం లేదు. మా పిల్లలకి మాత్రం అదే బాగా నచ్చే భాగం. ఈ విషయంలో ఇంట్లో నేను మైనారిటీ.

కానీ ఒక్క సీను కోసం అన్నీ క్షమించేస్తాను. తెల్లవారుజాము నాలుగవుతుంది. లూసీకి మెలకువ వస్తుంది. తమ్ముడి గదిలోకి చూస్తే మంచం ఖాళీ. కోటు వేసుకుని తోటకి వెళుతుంది. చలికి వణుకుతూ నేల మీద పడుకున్న వాడిని లేపి, నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చి, బూట్లు విప్పి, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంది. ఒక్క మాట లేదు. సినిమా పొడుగునా వాడిని తిట్టిపోసిన అక్క ఇది. అంతకు ముందు కూడా, తమ్ముడి కోసం ఇంకో మిఠాయి ఇవ్వమని ఇల్లిల్లూ అడిగింది, అడగడం ఎంత నామోషీయో గొణుక్కుంటూ. గుమ్మడికాయలో కత్తి దింపిన చెయ్యీ, బూట్లు విప్పిన చెయ్యీ ఒక్కటే. పెద్దవాళ్ళు లేని ఇంట్లో రాత్రి నాలుగింటికి మంచాలు లెక్కపెట్టేది అక్క. అమ్మ అక్కడ నా వైపు చూసింది. నాకూ ఒక తమ్ముడున్నాడు. ఆ చూపు గురించి ఇంకేం రాయను.

*

అక్టోబరు రెండో సోమవారం ఇక్కడ సెలవు. మూడు రోజులు కలిసొస్తాయని ఆకులు చూడటానికి న్యూజెర్సీ నుంచి న్యూహాంప్‌షైర్ వెళ్ళాం. కాంకమాగస్ హైవే అని, లింకన్ నుంచి కాన్వే దాకా ముప్ఫై నాలుగు మైళ్ళు కొండల మధ్య రోడ్డు. పిల్లల కారు సీట్ల మధ్యన ఇరుక్కుని అమ్మ, ఒళ్ళో పులిహోర డబ్బా. పచ్చదనం పోయాక లోపల ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుందనీ, ఎరుపు మాత్రం ఆకు రాలేముందు కొత్తగా తయారవుతుందనీ మా అమ్మాయి బడిలో విన్నది చెప్పింది. "రాలే ఆకుల్ని చూడటానికి హోటలు బుక్ చేసుకోవడం ఏమిటే" అంది అమ్మ. గంట తర్వాత ఫోన్ లాక్కుని తనే ఫొటోలు తీసింది. మావాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఇలాంటి ప్రయాణాల గురించి ఎవరూ నిజం రాయరు కాబట్టి అది కూడా రాసిపెడుతున్నాను.

వెనక్కి వస్తుంటే చీకటి పడింది. పిల్లలు టాబ్లెట్‌లో 'థాంక్స్‌గివింగ్' పెట్టమన్నారు. నవంబరు దాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. ఆకులు దాటిపోతుంటే కారులో చూడటానికి అంతకన్నా తగిన సినిమా లేదు. దాని చివర్లోనూ కారు ప్రయాణం ఉంది.

పీనట్స్ అభిమానుల్లో దీనికి మూడో స్థానం. క్రిస్మస్ సినిమా, గ్రేట్ పంప్‌కిన్ తర్వాతే దీన్ని తలుచుకుంటారు. స్నూపీ మడతకుర్చీతో చేసే కుస్తీ లాంటి కాలక్షేపం ఎక్కువన్న ఫిర్యాదు నిజమే. అయినా వలస వచ్చినవాళ్ళు దీన్ని మొదటి స్థానంలో పెట్టాలని నా వాదన.

కథ చిన్నది. చార్లీ బ్రౌన్, శాలీ నాలుగున్నరకి అమ్మమ్మ ఇంటికి పండగ భోజనానికి వెళ్ళాలి. (ఇంగ్లీషులో అమ్మమ్మో నాన్నమ్మో తెలియదు. మా పిల్లలు అమ్మమ్మ అని ఓటేశారు.) ఈలోగా పెపర్‌మింట్ పాటీ ఫోన్ చేసి తనని తానే భోజనానికి పిలుచుకుంటుంది, చాలక మార్సీనీ, ఫ్రాంక్లిన్‌నీ కలుపుతుంది. కాదనడం చేతకాని చార్లీ బ్రౌన్‌కి లైనస్ ఉపాయం చెప్తాడు: ముందు ఇక్కడో భోజనం పెట్టి, తర్వాత అమ్మమ్మ దగ్గరికి వెళ్ళు. వంట రాదు. వచ్చిన నాలుగే చేస్తారు. కాల్చిన రొట్టె, పాప్‌కార్న్, ప్రెట్‌జెల్ పుల్లలు, జెల్లీ బీన్స్. పెరట్లో పింగ్‌పాంగ్ బల్ల వేసి, ఎక్కడివో కుర్చీలు తెచ్చి వడ్డిస్తారు. పాటీ విరుచుకుపడుతుంది: టర్కీ ఏది, బంగాళాదుంపలు ఏవి, గుమ్మడికాయ పై ఏది? చార్లీ బ్రౌన్ తల దించుకుని లేచి వెళ్ళిపోతాడు. అప్పుడు మార్సీ నెమ్మదిగా అడుగుతుంది: అతను నిన్ను పిలిచాడా, నీ అంతట నువ్వే వచ్చావా?

నాకు ఆ పింగ్‌పాంగ్ బల్ల కొత్తేమీ కాదు. దసరా ఏ వారం పడినా శనివారమే చేసుకుంటాం. కొలువు అట్టపెట్టెల మీద దుప్పటి పరిచి కడతాం. జమ్మి ఆకుకి బదులు ఏదో ఆకు. ఎలా చెయ్యాలో చెప్పేవాళ్ళు వేల మైళ్ళ అవతల నిద్రపోతుంటారు. ముప్ఫైల్లో ఉన్న మేము, మా స్నేహితులూ, పెద్దవాళ్ళు లేని లోకంలో వచ్చిన నాలుగింటితో పండగ చేసే పిల్లలమే. నా బల్ల ముందూ ఒక పాటీ కూర్చుంటుంది: ఇది లేదే, అది లేదే అని. చాలాసార్లు ఆ పాటీని నేనే. అందుకే ఈ సినిమాలో తప్పు రొట్టెదని కాకుండా అడిగినదానిదని మార్సీ తేల్చడం నాకు ఏటా అవసరమైన తీర్పు.

దీని లోపాలు పాత సినిమా కదా అని వదిలెయ్యదగ్గవి కావు. లైనస్ భోజనానికి ముందు 1621 నాటి తొలి విందు గురించి ప్రార్థన చెప్తాడు. బడి పాఠంలా చక్కగా, అంతే బోలుగా ఉంటుంది. ఈ పండగ రోజున మూలవాసులు ప్లిమత్‌లో సంతాపదినం జరపడం 1970లోనే మొదలైంది. సినిమా వచ్చింది మూడేళ్ళ తర్వాత. ఇక రెండోది ఫ్రాంక్లిన్ కుర్చీ. ఫ్రాంక్లిన్ పీనట్స్‌లో మొదటి నల్లపిల్లవాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత హారియెట్ గ్లిక్‌మన్ అనే టీచరు షుల్జ్‌కి ఉత్తరం రాయబట్టి 1968 జులైలో స్ట్రిప్‌లోకి వచ్చాడు. ఈ విందులో వాడు బల్లకి ఒక పక్కన ఒక్కడే, మడతకుర్చీలో కూర్చుంటాడు. మిగతావాళ్ళంతా ఎదటి వైపునా, చివరల్లోనూ. కావాలని చేశారని నేననుకోను. ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడమే అసలు సంగతి. మా అమ్మాయి ఈ ఏడు అడిగింది, "ఆ అబ్బాయి పక్కన ఎవరూ లేరేం?" అని. దాని వయసు ఏడు. బడిలో లంచ్ బల్ల దగ్గర తన పక్కన ఎవరు కూర్చున్నారో రోజూ వచ్చి చెప్తుంది. దానికి అది చిన్న లెక్క కాదు. ఈసారి "ఆఫీసులో" లాంటి జవాబు చెప్పలేదు. బొమ్మ గీసినవాళ్ళు ఆలోచించలేదు, ఆలోచించాల్సింది అన్నాను. ఇంతకీ ఫ్రాంక్లిన్ వచ్చింది ఉత్తరం వల్లనే అని చెప్తే, ఇంకో కుర్చీ వెయ్యమని మనం ఉత్తరం రాద్దామంది. షుల్జ్ లేడని చెప్పాల్సి వచ్చింది.

మావాడి అభ్యంతరం వేరు. చివర్లో స్నూపీ, వుడ్‌స్టాక్ ఇద్దరూ దాచిపెట్టిన టర్కీ తీసి తింటారు. వుడ్‌స్టాక్ పిట్ట. పిట్ట పిట్టని తింటుందా? దీనికి షుల్జ్ ఉన్నా జవాబు లేదు.

*

చివరికి చార్లీ బ్రౌన్ అమ్మమ్మకి ఫోన్ చేసి ఆలస్యం ఎందుకైందో చెప్తాడు. ఆవిడ గొంతు మనకి వినిపించదు. వాడి మాటలు విని, ఆవిడ అందర్నీ తీసుకురమ్మందని అర్థం చేసుకోవాలి. సినిమా మొత్తంలో పెద్దవాళ్ళు చేసిన ఒకే ఒక్క మంచిపని ఇది, అదీ ఫోన్ తీగకి అవతల. అందరూ కారెక్కి, నదులూ అడవులూ దాటి అమ్మమ్మ ఇంటికి వెళ్ళే పాత పాట పాడతారు. పాట అయ్యాక చార్లీ బ్రౌన్ అంటాడు, చిక్కల్లా మా అమ్మమ్మ ఉండేది కాండోమినియంలో అని.

అమ్మ పకపకా నవ్వింది. ఆరేళ్ళుగా ఈ జోకు నాకు సగమే అర్థమైంది. నా సెలవుల్లో అమ్మమ్మగారిల్లంటే పెంకుటిల్లు, బావి, వేపచెట్టు. నా పిల్లలకి అమ్మమ్మగారిల్లంటే విజయవాడలో మూడో అంతస్తు, లిఫ్టు, గ్రిల్లు. పల్లెలో ఇల్లు అమ్మేసింది అమ్మే. పాట పాతది, ఇల్లు కొత్తది, అయినా కారెక్కడం మానరు. సినిమా అమ్మమ్మ ఇంటి దాకా వెళ్ళదు, పిల్లల కథ కారు దగ్గరే ఆగిపోతుంది. ఇదివరకు దాన్ని అసంపూర్తి ముగింపు అనుకునేదాన్ని. అది షుల్జ్‌కి తెలిసే జరిగిందని ఇప్పుడనుకుంటున్నాను. ఇంటికి చేరితే పెద్దవాళ్ళని చూపించాలి. చూపిస్తే ఆ లోకం ఉండదు.

అమ్మ మే నెలలో వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇచ్చేది ఆరు నెలలు. టికెట్ నవంబరు రెండో వారానికి, థాంక్స్‌గివింగ్‌కి ముందు. ఎయిర్‌పోర్టులో పెద్దదాని జుట్టు సర్దుతూ, "ఒళ్ళు బాగుండి, వచ్చే ఏడు నేనొస్తే..." అని ఏదో చెప్పబోయింది. "వస్తే అనకూడదు అమ్మమ్మా. వచ్చినప్పుడు అనాలి. లేకపోతే రారు" అంది మా అమ్మాయి.

అమ్మ నా వైపు చూసింది. తెలుగులో రెండూ ఒకటేనని చెప్పి గట్టెక్కించగలిగేదాన్నే. చెప్పలేదు. "సరే, వచ్చినప్పుడు" అంది అమ్మ.

థాంక్స్‌గివింగ్ రాత్రి ఎనిమిదింటికి, ఆవిడకి తెల్లవారి ఆరున్నర, వీడియో కాల్ చేశాం. బల్ల మీద పిల్లలు పట్టుబట్టి పెట్టించిన కాల్చిన రొట్టె, పాప్‌కార్న్ ఉన్నాయి. పక్కన నేను పెట్టిన గుమ్మడికాయ పులుసు ఉంది. చార్లీ బ్రౌన్ అమ్మమ్మ గొంతులా కాదు, మా అమ్మ గొంతు వీధి దాకా వినిపిస్తుంది.

"కాయ ఎవరు కోశారే?" అని అడిగింది.

"ముందు నాన్న. తర్వాత నేను" అంది మా అమ్మాయి.